బలపరిచినవారు: చాపలమ్మ

“… ఆ కుర్చీ చూసుకునే కదా నీకీ మిడిసిపాటు! వాకిలంతా నీ ఒక్కదానిదేనా?”

“వాకిలి గురించి నాకు చెప్పకే. ఈ వాకిట్లో తుంగ ఆరబెట్టే నీ మొగుణ్ణి ఇంతవాణ్ణి చేశాను.”

“చేశావులే, మహా చేశావు. నేను కాపురానికి వచ్చిన రోజునుంచీ అదే పాట. నా దుప్పటి చూడు, తెల్లటి దుప్పటి, నీ పచ్చి తుంగ ఆనుకుని ఎలా తగలడిందో!”

“ఉతికితే పోతుంది.”

“దేంతో ఉతకను? నీ వాగు నీళ్ళతోనా? ఉతికితే దుప్పటే పోతుంది!”

“ఆ మాటే కదే నేను మండలిలో మొత్తుకునేది! తొమ్మిదేళ్ళనుంచి…”

“మొత్తుకున్నావులే అక్కా. ఇంకెన్నాళ్ళు? కొత్త చట్టంలో నీ కుర్చీ ఉంటేగా! నీ ముద్దుల మరిదే టైపు కొట్టాడు, పోయి అడుగు.”

గోడ ఇవతల గుమాస్తా మొహానికి సబ్బు నురగ పూసుకుని ఉన్నాడు. చేతిలో బ్లేడు చెవి కింద ఆగింది. వాకిట్లో అంతసేపూ మోగిన రెండు గొంతులూ ఒక్కసారి ఆగిపోయాయి. నోరు జారానని భార్యకు అప్పుడే తెలిసిందనీ, వదిన ఈ గుమ్మం వైపే చూస్తోందనీ అతనికి గోడలోంచే కనిపించింది. రాత్రి మంచం మీద చెప్పిన మాట పొద్దున్నే వాకిట్లో ఆరేసింది మహాతల్లి.

“మరిదీ,” వదిన గుమ్మంలోకి వచ్చింది. చేతిలో తుంగ చీల్చే కత్తి అలాగే ఉంది. “అది కూసింది నిజమేనా?”

“ముసాయిదా వదినా, ఇంకా చట్టం కాలేదు,” అన్నాడు నురగలోంచి. “శాసనసభ వాళ్ళ సంఘం వచ్చే గురువారం మన హాల్లోనే కూర్చుని అందరి మాటా వింటుంది. ఆ తర్వాతే ఏదైనా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబుదామనే అనుకున్నా.”

“నీ మొహం. ముందు సబ్బు కడుక్కో. ఎండిపోతోంది,” అని వెళ్ళిపోయింది.

కడుక్కున్నాడు. ఒక చెంప గీసి, ఒక చెంప వదిలేసి ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడ ఎవరూ గమనించలేదు. అతన్ని ఎవరైనా గమనించే ఆఫీసు కాదది.

వీధి మొత్తానికి ఆమె చాపలమ్మ. వాగు ఒడ్డున తుంగ కోసి, పచ్చిగా ఉండగానే చీల్చి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, రంగు ఎక్కించి చాప నేస్తుంది. వీధిలో పదిహేడు ఇళ్ళలో మగ్గాలున్నాయి. చాప మగ్గం ఒక్కరితో నడిచేది కాదు. ఒకరు పడుగు దారాల్లోకి తుంగపుల్ల పోస్తుంటే ఎదుట కూర్చున్నవాళ్ళు పలకతో దాన్ని బిగించి కొట్టాలి. చాపలమ్మకు ఎదుట కూర్చునేది ఎదురింటావిడ. పద్దెనిమిదేళ్ళ జోడీ. ఇద్దరూ రోజంతా ఒకరినొకరు తిట్టుకుంటూ నేసేవాళ్ళు. తిట్లు ఆగితే చాప వదులవుతుందని వీధిలో వేళాకోళం.

చాపలమ్మ పెళ్ళై వచ్చేనాటికి ఈ మరిది పదేళ్ళవాడు. తల్లి లేదు. అన్న మంచివాడే కాని, మంచితనం తప్ప ఇంకేమీ లేనివాడు. కుర్రాణ్ణి బడికి తోలిందీ, చాపలు నేసి టైపు నేర్పించిందీ వదినే. టైపు పరీక్ష ముందురోజు సాధనకు మిషను దొరక్కపోతే చాప వెనకవైపు బొగ్గుతో అక్షరాల గళ్ళు గీయించుకుని, “కొట్టు, నేను చూస్తా” అంది. ఆమెకప్పటికి అక్షరాలు రావు. ఏం చూసిందో ఏమో, అతను మాత్రం పాసయ్యాడు.

రాష్ట్రంలో పర్యావరణ సలహా మండలి పెట్టినప్పుడు అతనికి అందులో తాత్కాలిక గుమాస్తా పని దొరికింది. పదకొండుమంది సభ్యులు. వాళ్ళలో ఒకరు నీటిని నమ్ముకుని బతికే వృత్తులవాళ్ళు అయ్యుండాలని అప్పటి చట్టం. అధ్యక్షుడు రిటైరైన ఇంజనీరు. ఆయన గుమాస్తాను పిలిచి, “ఆ కుర్చీకి నోరు లేని మనిషి ఎవరైనా ఉంటే చెప్పవయ్యా,” అన్నాడు. “మా వదిన ఉందండీ,” అన్నాడతను. ఆమె నోరు మూడు వీధుల అవతలికి వినిపిస్తుందని ఆయనకు తెలియదు. ఉద్యోగంలో కొత్తగా చేరినవాడు ఇంటికో గౌరవం తెద్దామనుకున్నాడు. ఆమె మూడు నెలలు కూర్చుని సంతకం నేర్చుకుంది. ఆ తర్వాత ముద్రించిన అక్షరాలు కూడా కూడబలుక్కుని చదవడం పట్టుబడింది.

మండలికి ఆమె తీసుకెళ్ళింది ఒక్కటే సంగతి. రంగుల మిల్లు గొట్టం. వీధికి ఎగువన మిల్లు ఉంది. దాని గొట్టం వాగులోకి దిగుతుంది. గొట్టానికి ఎగువ కోసిన తుంగ పట్టులా చీలుతుంది. దిగువ కోసినది అంచు మడిచేచోట పుటుక్కుమంటుంది. నీళ్ళలో నిలబడి కోసేవాళ్ళకు కాళ్ళమీద పొరలు లేచి, మోకాలిదాకా పాకుతాయి. ఆమె ప్రతి సమావేశానికీ రెండు కట్టలు పట్టుకెళ్ళేది, ఒకటి ఎగువది, ఒకటి దిగువది. బల్లమీద పెట్టి విరిచి చూపించేది. “నీళ్ళు పరీక్ష చేయించండయ్యా. పరీక్ష చేయించాలని ఒక్క ముక్క రాయండి. అంతే నేనడిగేది.”

అక్కడో పద్ధతి ఉంది. ప్రతి అంశాన్నీ ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. బలపరిచినవాళ్ళ పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది, రేపేదైనా తేడా వస్తే అడిగేది వాళ్ళనే. కాబట్టి పెద్దమనుషులెవరికీ అది ఇష్టం ఉండేది కాదు. అధ్యక్షుడు మొదటి సమావేశంలోనే దారి కనిపెట్టాడు. “చాపలమ్మగారు బలపరుస్తారు. ఇవన్నీ గబగబా అయిపోతే చివర్లో ఇతర అంశాల కింద మీ గొట్టం సంగతి చూద్దాం, సరేనా అమ్మా?” ఆమె చెయ్యెత్తింది. తొమ్మిదేళ్ళు ఎత్తుతూనే ఉంది. చెయ్యెత్తితే చివర ఐదు నిమిషాలు తనవి. ఆ ఐదు నిమిషాల్లో పెద్దమనుషులు బిస్కట్లు తింటూ, సంచులు సర్దుకుంటూ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండేవాళ్ళు. ఆమె మాత్రం చెప్పేది. వాళ్ళు తలూపేవాళ్ళు. తల ఊపితే విన్నట్టేనని ఆమె నమ్మకం.

సమావేశంలో ఎవరేమన్నారో మినిట్స్ రాసేది గుమాస్తా. మొదటిసారి అతను వదిన చెప్పినదంతా పేజీన్నర కొట్టాడు. అధ్యక్షుడు ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత గీసి, “కథలెందుకయ్యా? ఇతర అంశాలను సభ్యులు చర్చించారు అని కొట్టు, చాలు,” అన్నాడు. రెండోసారి అరపేజీ కొట్టాడు. మళ్ళీ ఎర్ర గీత. మూడోసారినుంచి ఎర్ర పెన్ను అవసరం పడలేదు. అతనే “చర్చించారు” అని కొట్టి ముగించేవాడు. ఇందులో పెద్ద కుట్రేమీ లేదు. ఒక పక్క బద్ధకం, ఇంకో పక్క భయం. మనిషిని నలిపెయ్యడానికి ఆ రెండూ బోలెడు.

ప్రతి మినిట్స్ కాగితం ఒకటి ఇంటికి వచ్చేది. అతికష్టంమీద తన ఊసు ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కుని, అంశం అంశానికీ “బలపరిచినవారు: వృత్తిదారుల ప్రతినిధి” అని ఉందో లేదో చూసుకుని, దారంతో కుట్టి దాచేది. మిగతాది చదివేది కాదు. మరిది రాశాడు కదా, ఇంక చదివేదేముంది?

నెలకిందటి సమావేశంలో నాలుగో అంశం వచ్చింది. మండలి సభ్యత్వాన్ని మారుస్తూ ప్రభుత్వం తెస్తున్న ముసాయిదా మీద మండలి అభిప్రాయం. పదకొండుమంది పోయి తొమ్మిదిమంది. వృత్తిదారుల కుర్చీ రద్దు. దాని బదులు పట్టా ఉన్న నిపుణుడొకడు, పరిశ్రమల తరఫున ఇద్దరు. ఆ పొద్దున ఆమె ఆ అంశమున్న కాగితం పట్టుకుని గుమాస్తా దగ్గరికి వచ్చింది. “ఇదేంటయ్యా, వాక్యం వాగంత పొడుగుంది?” అని. “ఆఫీసు వ్యవహారం వదినా, మామూలే,” అన్నాడతను. ముసాయిదా చివరి పేజీలో ఇంకొక మాట ఉంది. కొత్త మండలికి శాశ్వత గుమాస్తా పోస్టు ఒకటి. ఆ పేజీ అతను కొట్టేటప్పుడు ఒక్క తప్పు కూడా పడలేదు.

హాల్లో అధ్యక్షుడు నాలుగో అంశం చదివి, అలవాటుగా, “చాపలమ్మగారు బలపరుస్తారు,” అన్నాడు. ఆమె అలవాటుగా చెయ్యెత్తింది. రెండో చేత్తో ఒళ్ళో ఉన్న తుంగకట్టలు సర్దుకుంటోంది, తన వంతు దగ్గరపడుతోందని.

ఇదీ ఆమెకు తెలియని సంగతి. వాకిట్లో తోడికోడలు నోరు జారిన రోజుకు కూడా తెలియదు. కుర్చీ పోతుందని తెలిసింది, తీసిన చెయ్యి ఎవరిదో తెలియలేదు.

గురువారానికి ఆరు రోజులున్నాయి. ఆ ఆరు రోజులూ ఆమె సాయంత్రాలు కాగితాల కట్ట ముందేసుకుని, చదవకుండానే లెక్కపెట్టి మళ్ళీ కుట్టుకుంటూ కూర్చుంది. ఎదురింటావిడ పక్కన చేరి ఎగతాళి: “ఏంటే, నువ్వు లేకపోతే ప్రభుత్వం పడిపోతుందా?”

“ప్రభుత్వం సంగతి నాకెందుకు? కుర్చీ పోతే గొట్టం ఊసెత్తేవాడు ఉండడు. నీ కాళ్ళు చూసుకో ఒకసారి.”

“నా కాళ్ళు చూసేవాడు ఎప్పుడో పోయాడులేవే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. గుమ్మంలో కూర్చుని చెప్పు కుట్టుకుంటున్న గుమాస్తా నవ్వలేదు.

“మరిదీ, ముప్పై ఆరు సమావేశాలు. ముప్పై ఆరుసార్లూ అడిగాను. అన్నీ ఇందులో ఉన్నాయి కదూ? తొమ్మిదేళ్ళు ఏం చేశావని వాళ్ళడిగితే ఇది బల్లమీద పడేస్తా. నోటిమాట అయితే కొట్టిపారేస్తారు. రాసిందాన్ని ఏం చేస్తారు?”

అప్పుడు చెప్పొచ్చు. నోరు తెరిచాడు కూడా. “కట్ట గట్టిగా కట్టు వదినా, జారిపోతాయి,” అన్నాడు.

గురువారం హాల్లో శాసనసభ్యులు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నాయనకు జలుబు, చేతిరుమాలు ముక్కుమీంచి తియ్యడం లేదు. పక్కన మండలి అధ్యక్షుడు. గుమాస్తా మూలబల్ల దగ్గర. మిల్లు మనిషి మాట్లాడాడు, ప్రొఫెసరొకాయన మాట్లాడాడు. తర్వాత ఆమె వంతు.

“ఏం కావాలమ్మా?”

“ఆ కుర్చీ తియ్యకండి. నేనే కూర్చోవాలని కాదు, ఎవర్నైనా పెట్టుకోండి. నీళ్ళలో కాళ్ళు పెట్టేవాళ్ళు ఒకరుండాలి.”

“తొమ్మిదేళ్ళు కూర్చున్నారు కదా, ఏం సాధించారు?”

“సాధించలేదు. అడిగాను. మిల్లు గొట్టం నీళ్ళు పరీక్ష చేయించమని ముప్పై ఆరుసార్లు అడిగాను. అన్నీ రాసున్నాయి, చూసుకోండి.” కట్ట బల్లమీద పెట్టి రెండు చేతులతో ముందుకు నెట్టింది. ఆ నెట్టడంలో కొంచెం దర్జా ఉంది.

జలుబాయన నాలుగు కాగితాలు తిప్పి, విసుగ్గా గుమాస్తాను పిలిచాడు. “నువ్వు రాసినవేగా? ఆవిడ చెప్పిన ముక్క ఎక్కడుందో చదువు.”

అతను లేచి వచ్చాడు. కాగితం తీసుకున్నాడు. ఎక్కడా లేదని అతనికి తెలుసు. అయినా వెతుకుతున్నట్టు కళ్ళు పైకీ కిందికీ తిప్పాడు.

“గట్టిగా చదవవయ్యా!”

“ఇతర అంశాలను సభ్యులు చర్చించారు. అధ్యక్షులకు ధన్యవాదాలతో సమావేశం ముగిసింది.”

“ఇంకోటి.”

“ఇతర అంశాలను సభ్యులు చర్చించారు. అధ్యక్షులకు ధన్యవాదాలతో…”

“ఇంకోటి.”

ఏడు చదివించారు. ఏడింట్లోనూ అవే రెండు వాక్యాలు. ఐదోదానికి వెనక బెంచీల్లో ఎవరో అతనితోపాటు వంత పాడారు. ఆమె మొదట్లో మరిది తప్పు పేజీ తీశాడనుకుని, “ఆ కిందిది, ఆ కిందిది,” అంటూ వేలు చూపిస్తూ వచ్చింది. ఆరోదాని దగ్గర వేలు మడిచేసింది.

“గొట్టం అన్న మాటే లేదే?” అన్నాడు జలుబాయన. “సరే, ముసాయిదా మీద మండలి ఏమందో అదీ చదివెయ్.”

గుమాస్తా అధ్యక్షుడి వైపు చూశాడు. ఆయన పైకప్పు చూస్తున్నాడు.

“అంశం నాలుగు. వృత్తిదారుల స్థానాన్ని తొలగించడంతో సహా ముసాయిదాను మండలి ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతిపాదించినవారు: అధ్యక్షులు. బలపరిచినవారు…”

“ఊఁ?”

“వృత్తిదారుల ప్రతినిధి.”

నవ్వులు మొదట బెంచీల్లోంచి వచ్చాయి. తర్వాత బల్లదాకా పాకాయి. జలుబాయన నవ్వలేక దగ్గి, దగ్గలేక తుమ్మి, రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. “అమ్మా, నీ కుర్చీ కాళ్ళు నువ్వే కోసుకుని, ఇప్పుడొచ్చి పడిపోతున్నానంటే మేమేం పట్టుకోగలం చెప్పు? పోనీ, మీ గుమాస్తా తప్పు చదివాడా?”

ఆమె మరిది వైపు చూసింది. హాల్లో అందరి ముందూ. ఒక్క మాట అంటే చాలు. రాసినవాడు వీడే, నేను చెప్పాను, వీడు మింగాడు. అతను ఆ మాటకోసం మెడ వంచుకుని నిలబడ్డాడు. నిజానికి అది పడితే బావుండుననే ఆ క్షణాన అనుకున్నాడు.

“తప్పేం లేదు,” అంది. “చిన్నప్పటినుంచీ బాగా చదువుతాడు.”

కట్ట తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఊడ్చేవాళ్ళు దాన్ని సాయంత్రం, బల్లకింద ఆమె వదిలేసిన తుంగకట్టలతోపాటు ఎత్తేశారు.

చట్టం పద్నాలుగు రోజుల్లో అయిపోయింది. సభలో దానిమీద మాట్లాడినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకాయన, “ఆ వృత్తులవాళ్ళ ప్రతినిధే స్వయంగా బలపరిచారు,” అని చెబితే మిగతావాళ్ళు బల్లలు చరిచారు. పేపర్లో నాలుగు వరుసలు వచ్చాయి, ఆ వాక్యంతో సహా. పరిశ్రమల తరఫు కుర్చీల్లో ఒకదానిలో రంగుల మిల్లు మేనేజరు కూర్చున్నాడు. నెల తిరక్కుండా పాత గొట్టం పక్కన ఇంకో గొట్టం దిగింది, పాతదానికంటే లావు.

వీధికి పెద్ద పెద్ద సంగతులు అక్కర్లేదు. ఆ నాలుగు వరుసలు చాలు. చాపలమ్మ మిల్లువాళ్ళ దగ్గర తినేసి చెయ్యెత్తిందన్నారు. ఏం తిందో ఎవరికీ తెలియదు, తినకపోతే ఎందుకెత్తుతుందన్నారు. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే ముందున్నవాళ్ళు రెండేసి బిందెలు పట్టుకున్నారు. ఎదురింటావిడ మూడు రోజులు ఒంట్లో బాగాలేదంది. నాలుగోరోజు వాకిట్లోకి వచ్చి, మగ్గం దగ్గర కూర్చోకుండా, నిలబడే అడిగింది.

“ఎత్తావా, లేదా?”

“ఎత్తాను. ఏం రాసుందో తెలియక…”

“నా కాళ్ళు తెలుసు కదే నీకు. చెయ్యెత్తేముందు ఏం రాసుందో అడగొచ్చుగా? ఇంట్లోనే ఉన్నాడుగా గుమాస్తా!”

ఎదురింటావిడ తన పలక తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి సగం నేసిన చాప మగ్గం మీద అలాగే ఉంది. చాపలమ్మ ఒక్కతే పుల్ల పోసి, లేచి ఇటు వచ్చి పలక కొట్టి, మళ్ళీ అటు వెళ్ళి పుల్ల పోసి చూసింది. జానెడు నేసేసరికి పూట గడిచిపోయింది. ఆ జానెడూ వదులుగా వచ్చింది. ఊడదీసింది. ఆశ్చర్యమేంటంటే, అప్పుడు వచ్చి ఎదుట కూర్చోబోయింది తోడికోడలే. “జరుగు అక్కా, నేను కొడతా,” అంది గొణుగుతూ. చాపలమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని ఆపి పంపించేసింది.

ఆదివారం పొద్దున గుమాస్తా తనే వదిన గుమ్మంలోకి వెళ్ళాడు. శాశ్వత పోస్టు ఉత్తరువు జేబులో ఉంది, ఇంట్లో ఇంకా చూపించలేదు. చాలా ఆలోచించుకుని వచ్చాడు.

“వదినా, ఒక పని చేస్తా. అసలు మినిట్స్ పుస్తకం నా బీరువాలోనే ఉంది. ఆ పేజీ తీసేసి కొత్త పేజీ పెడతా. బలపరిచినవారు అన్నచోట ఇంకెవరి పేరైనా కొడతా. పురుగుక్కూడా తెలీదు. అది జిరాక్సు తీయించి వీధిలో చూపిద్దాం.”

ఆమె గడపమీద కూర్చుని పాదాలకు మందు రాసుకుంటోంది. తల ఎత్తకుండానే అంది: “పేజీలు మార్చడం నీకు బాగా అలవాటైంది.”

“నీకోసమే వదినా.”

“బలపరిచింది నేనే. చెయ్యి నాది. తొమ్మిదేళ్ళు ఎత్తిన చెయ్యే, ఆ ఒక్కటీ నాది కాదంటే ఎలా? దాన్ని అలాగే ఉండనియ్.”

“మరేం చెయ్యమంటావు? ఏదైనా చేస్తా. చెప్పు.”

అప్పుడు చూసింది అతని మొహంలోకి. మందు అంటిన వేళ్ళు తుంగపీచుకు తుడుచుకుని, లోపలికి వెళ్ళి తెల్లకాగితం ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“మిషను మీద వద్దు, చేత్తో రాయి. ఈ వీధిలో అందరి అర్జీలూ రాసేది నువ్వే, నీ రాత ఎవరికైనా ఆనవాలే. నేను చెబుతూ ఉంటా. ఏ సమావేశంలో గొట్టం గురించి ఏమన్నానో ముప్పై ఆరూ నాకు నోటికొచ్చు. ఒక్కొక్కటీ రాసి, ప్రతిదాని కిందా ‘మా వదిన ఇది చెప్పింది, నేను రాయలేదు’ అని పెట్టు. అన్నీ అయ్యాక కింద నీ పేరూ, నీ ఉద్యోగం పేరూ రాసి సంతకం చెయ్యి. చేసి, నువ్వే పట్టుకెళ్ళి ఎదురింటావిడకు చదివి వినిపించు, మరిదీ. హాల్లో చదివావే, అంత గట్టిగా.”